క్షమించింది ఎవరు? అశోకుని 13వ శిలాశాసనంలోని ఒక క్రియాపదం, మన తెలుగు అనువాదాలు

అశోకుని 13వ శిలాశాసనాన్ని గురించి తెలుగులో వచ్చే వ్యాసాలలోనూ, ఉపన్యాసాలలోనూ, బడిలో చెప్పే పాఠాలలోనూ మూడు వాక్యాలు ఒకదాని వెంట ఒకటి వస్తుంటాయి. కళింగ యుద్ధానంతరం చక్రవర్తి పశ్చాత్తాపపడ్డాడు, క్షమాగుణాన్ని బోధించాడు, కళింగులను క్షమాపణ కోరాడు. వీటిలో మొదటిదానికి రాతిమీద స్పష్టమైన ఆధారం ఉంది. రెండవదానికి కూడా ఉంది, అయితే ఒక హద్దుతో ఉంది. మూడవదానికి లేదు. ఆ హద్దు ఎలా జారిపోయింది, లేని వాక్యం ఎలా వచ్చి చేరింది అని పరిశీలిస్తే, లోపం చరిత్ర జ్ఞానంలో కంటె 'క్షమించు' అనే ఒక్క క్రియాపదాన్ని మనం వాడుతున్న తీరులోనే ఎక్కువగా ఉన్నదని తేలుతుంది. ఆ క్రియాపదం అర్థమేమిటి, అది ఎక్కడినుంచి వచ్చింది, పక్కనే నిలిచే 'విడుదల' అనే మాటతో దానికి గల సంబంధమెంత అన్నవి ఈ వ్యాసంలోని విచారణాంశాలు.

నేను ఉంటున్న జంషెడ్‌పూర్‌లో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన బరువు ఉంది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట, సాక్చి గ్రామ పరిసరాలలో, 1907లో ఏర్పడిన టాటా ఉక్కు సంస్థ తన కర్మాగారాన్ని నిర్మించింది. 1919లో ఊరికి ఇప్పటి పేరు వచ్చింది. గత శతాబ్దపు తొలి దశాబ్దాల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, గంజాం సీమల తెలుగువారు పని కోసం వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. చరిత్ర కళింగమని పిలిచిన తీరప్రాంతపు సంతతి ఇప్పుడు, పేరులోనే అడవిని నిలుపుకున్న జార్ఖండ్‌లో కాపురముంటున్నది. 13వ శాసనం కళింగులను గురించి మాట్లాడుతుంది, అడవి జనులను గురించీ మాట్లాడుతుంది. ఆ రెండు ప్రస్తావనల నడుమనే క్షమ అన్న మాట ఉంది. కనుక ఆ మాట ఎవరి నోట ఉన్నది, ఎవరిని ఉద్దేశించినది అన్నది ఇక్కడి తెలుగు పాఠకునికి కేవలం నిఘంటు చర్చ కాజాలదు.

రాతిమీద ఉన్నది

ముందుగా శాసనంలోని వరుసను గుర్తు చేసుకుందాం. పట్టాభిషేకమైన 8 సంవత్సరాలకు కళింగాన్ని జయించినట్లు రాజు చెబుతాడు. 1,50,000 మందిని అక్కడినుంచి తరలించారు, 1,00,000 మంది హతులయ్యారు, అంతకు ఎన్నో రెట్లు మరణించారు అని లెక్క చెబుతాడు. ఆ తరువాత తనకు కలిగిన దుఃఖాన్ని చెబుతాడు. అప్పుడు నష్టపోయినవారిలో నూరవ వంతుకో, వెయ్యవ వంతుకో ఇప్పుడు అటువంటి ఆపద వచ్చినా తనకు అది భారమే అవుతుందంటాడు. ఆ వెంటనే వచ్చే వాక్యంలో మన క్రియాపదం కనిపిస్తుంది. ఎవరైనా అపకారం చేసినా, క్షమించదగినంత మేరకు అతడు క్షమార్హుడని దేవానాంప్రియుని అభిప్రాయం అన్నది దాని సారాంశం.

షాబాజ్‌గఢీ ప్రతిలో ఈ భాగం బాగా నిలిచి ఉంది. అందులో 'క్షమితవియ', 'మతే', 'శకో', 'క్షమనయే' అనే నాలుగు మాటలు ముఖ్యమైనవి. 'క్షమితవియ' అంటే క్షమింపదగినవాడు, ఇది కర్మార్థకం. 'మతే' అంటే తలచబడినది. 'మతం' అనే మాటకు అభిప్రాయమనే పాత అర్థం ఇక్కడ ఉంది. 'శకో' అంటే శక్యమైనది. 'క్షమనయే' అంటే క్షమించడానికి. వాక్యం పొడవు కొద్దిపాటిదే, అయినా క్షమ అందులో రెండుసార్లు వచ్చింది. రెండవసారి శక్యం అనే హద్దును వెంటబెట్టుకుని వచ్చింది. ఆ హద్దును నిర్ణయించేవాడు రాజు. అపకారం చేసినవాడు ఎవడో ఇతరుడు. కళింగంలో జరిగిన అపకారానికి కర్త అయినవాడు ఈ వాక్యంలో క్షమించే స్థానంలో ఉన్నాడు. క్షమింపబడే స్థానంలో లేడు.

తరువాతి వాక్యం మరింత ముఖ్యం. రాజు ఏలుబడిలోని అడవి జనులను కూడా ఆయన అనునయిస్తాడని, ఆలోచింపజేస్తాడని శాసనం చెబుతుంది. అక్కడే అనుతాపం, ప్రభావం అనే రెండు మాటలు పక్కపక్కన నిలుస్తాయి. పశ్చాత్తాపంలో ఉన్నా తనకు శక్తి ఉన్నదని వారికి తెలియజేస్తారు. వారు సిగ్గుపడాలని, చంపబడకుండా ఉండాలని దాని ఉద్దేశం. క్షమకు పెట్టిన హద్దు దాటితే ఏమి జరుగుతుందో శాసనమే ఈ విధంగా దాపరికం లేకుండా చెప్పింది. మన తెలుగు పాఠాలలో క్షమ వాక్యం తరచు ఉంటుంది. దాని పక్కనున్న అడవి వాక్యం తరచు ఉండదు. అదే శాసనంలో ధర్మానుశాసనాన్ని అనుసరించే జనుల జాబితాలో ఆంధ్రుల పేరు ఉన్నదని మాత్రం మనం గర్వంగా చెప్పుకుంటాం.

ఈ శాసనం ఉన్న చోట్లను కూడా గమనించాలి. కర్నూలు సీమలోని ఎర్రగుడిలో 14 శిలాశాసనాలు ఉన్నాయి. 13వది వాటిలో ఒకటి. హుల్ష్ పండితుడు 1925లో అశోక శాసన సంపుటాన్ని ప్రచురించేనాటికి ఎర్రగుడి బండలు వెలుగు చూడలేదు. కళింగ దేశంలోని ధౌలి, జౌగడలలో మాత్రం 13వ శాసనం లేదు. ఆ చోట రెండు ప్రత్యేక శాసనాలను చెక్కించారు. జౌగడ గంజాం సీమలో ఋషికుల్య తీరాన ఉంది. 1936లో ఒడిశా ఏర్పడేవరకు అది మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. కళింగులకు తమ హతుల లెక్కను వినిపించడం రాజుకు ఇష్టం లేకపోయిందని చాలామంది భావించారు. 1989లో కర్ణాటకలోని సన్నతిలో బయటపడిన రాతిమీద కూడా 12వ, 14వ శాసనాలు, ఆ రెండు ప్రత్యేక శాసనాలు ఉన్నాయి, 13వది కనబడదు. కాబట్టి కారణం కళింగం ఒక్కటే అనడానికి తొందరపడకూడదు. కాని ఫలితం ఒకటే: కళింగంలో దొరికిన రాళ్ళ మీద పశ్చాత్తాప వాక్యం లేదు.

ఆ రాళ్ళమీద క్షమ మాత్రం ఉంది. రెండవ ప్రత్యేక శాసనంలో, సరిహద్దులకు ఆవల ఉన్న జయింపబడని జనులు రాజును గురించి ఏమి తెలుసుకోవాలో చెప్పే సందర్భంలో, క్షమింపదగినదాన్ని రాజు మన విషయంలో క్షమిస్తాడని వారు గ్రహించాలని ఉంది. ఇక్కడ రూపం 'ఖమిసతి'; భవిష్యత్కాలం. హద్దు మళ్ళీ ఉంది, 'చకియే' అనే మాటగా. ఈ భాగంలో తండ్రి వాత్సల్యం ఉంది, ధైర్యం చెప్పడం ఉంది. దాన్ని తక్కువ చేయనవసరం లేదు. అయినా ఈ వాక్యంలో కూడా క్షమించేవాడు రాజే. చక్రవర్తి ఎవరినైనా మన్నింపు వేడుకున్న వాక్యం 13వ శాసనంలోనూ లేదు, ప్రత్యేక శాసనాలలోనూ లేదు.

ఖమతి: సహించడం, సమ్మతించడం, మన్నించడం

ఇక ఆ ధాతువు సంగతి. సంస్కృతంలో 'క్షమ్', పాలిలో 'ఖమతి'. మొదటి అర్థం సహించడం. చలిని, ఎండను, ఆకలిని, దుర్భాషను తట్టుకోగల భిక్షువును గురించి చెప్పేటప్పుడు సూత్రాలు ఈ ధాతువునే వాడతాయి. దాని నామరూపం 'ఖంతి'. సంస్కృత బౌద్ధంలో 'క్షాంతి', పారమితలలో ఒకటి. క్షమ అంటే భూమి అనే అర్థం కూడా ఉండటంతో, భూమివంటి ఓర్పు నుంచి ఈ మాట పుట్టిందని మన పండితులు ముచ్చటగా చెబుతుంటారు. భాషాశాస్త్రం దీన్ని అంగీకరించదు. భూమిని తెలిపే 'క్షమ్' గ్రీకు, లాటిన్ భాషలలోని భూవాచకాలకు బంధువు. సహించడాన్ని తెలిపే ధాతువు వేరు. కాని ఆ పోలిక అందంగా నిలిచిపోవడానికి కారణం ఉంది. రాహులునికి చేసిన ఉపదేశంలో బుద్ధుడు భూమివలె భావన చేయమంటాడు. శుభ్రమైనదాన్ని వేసినా, అశుభ్రమైనదాన్ని వేసినా భూమి ఏవగించుకోదు గనుక.

రెండవ అర్థం రుచించడం, సమ్మతమవడం. దీఘనఖ పరివ్రాజకుడు బుద్ధుని ఎదుట తనకు ఏ మతమూ సమ్మతం కాదని చెప్పిన సందర్భంలో ఉన్న క్రియ ఇదే. సంఘకర్మలో తీర్మానాన్ని చదివి, ఎవరూ మాట్లాడకపోతే, సంఘానికి సమ్మతమైనది గనుక మౌనంగా ఉన్నదని ముగించేటప్పుడు భిక్షువులు ఈనాటికీ పలికేది కూడా ఈ క్రియనే. మహాయానంలోని 'అనుత్పత్తిక ధర్మ క్షాంతి' అనే పదబంధంలో క్షాంతికి ఓర్పు అన్న అర్థం మాత్రమే చెబితే సగమే చెప్పినట్లు. ధర్మాలు పుట్టనివన్న సత్యాన్ని మనసు అంగీకరించడం అక్కడి భావం.

మూడవ అర్థం మన్నించడం. ఇది మొదటి రెండింటినుంచి వచ్చింది. నాకు జరిగిన అపకారాన్ని సహించాను, దాన్ని మోస్తూ కూడా నీతో సమ్మతంగా ఉన్నాను అన్నప్పుడు మన్నించినట్లు. ఇందువల్ల ఒక సంగతి స్పష్టమవుతుంది. ఈ క్రియకు సహజమైన కర్త దెబ్బ తిన్నవాడు. ఖంతివాది జాతకంలో కలాబు రాజు తాపసుని అవయవాలను ఒక్కొక్కటిగా నరికిస్తాడు. అక్కడ సహించేవాడు తాపసుడు, అపకారి రాజు. సేనాపతి వచ్చి, రాజ్యం మీద కోపించవద్దని తాపసుని వేడుకుంటాడు. శాసనంలో అదే క్రియ సింహాసనం మీదికి చేరింది. ఇది అశోకుని తప్పు అనడం లేదు; దండించగల రాజు దండించకుండా ఓర్చుకోవడం ఆ కాలానికి చిన్న సంగతి కాదు. కాని క్రియ స్థానం మారిందన్న సంగతిని అనువాదకుడు చూడాలి, పాఠకునికి చూపాలి.

ఖమాపేతి: అడిగేవాడి క్రియ

మన్నింపు అడగడానికి పాలిలో వేరే రూపం ఉంది: 'ఖమాపేతి'. ఇది ప్రేరణార్థకం, ఎదుటివాడు ఓర్చుకునేటట్లు చేయడం అని శబ్దార్థం. ఖమతి దెబ్బ తిన్నవాడి పని. ఖమాపేతి దెబ్బ కొట్టినవాడి పని. ఈ తేడాను వినయపిటకం ఎంత కచ్చితంగా పాటించిందో చుల్లవగ్గలోని సుధమ్మ భిక్షువు కథలో చూడవచ్చు.

మచ్ఛికాసండంలో చిత్తుడు అనే గృహపతి ఉన్నాడు. సుధమ్మ భిక్షువు అతన్ని కించపరిచే మాట అన్నాడు. విషయం బుద్ధుని దగ్గరకు వెళ్ళింది. సంఘం ఆ భిక్షువు మీద పటిసారణీయ కర్మ జరపాలని, అతడు వెళ్ళి చిత్త గృహపతిని మన్నింపు వేడాలని నిర్ణయమైంది. తోడుగా ఒక దూత భిక్షువును పంపారు. గృహస్థుడు మన్నిస్తే మంచిది. మన్నించకపోతే దూత కలుగజేసుకుని ఏమి చెప్పాలో కూడా వినయం వరుసగా నిర్దేశించింది. ఇక్కడ గమనింపదగినవి రెండు. కాషాయం ధరించినవాడు తెల్లబట్టవాడి ముందు నిలిచి అడగవలసి వచ్చింది. అడిగినంత మాత్రాన మన్నింపు దొరకకపోవచ్చునని కూడా నియమం ముందే ఒప్పుకుంది. మన్నించే అధికారం నొచ్చుకున్నవాడి చేతిలోనే ఉంది.

ధమ్మపద అట్ఠకథలో తిస్స థేరుని కథ ఇంకొక కోణం చూపుతుంది. వయోవృద్ధుడై సంఘంలో చేరిన తిస్సుడు ఆగంతుక భిక్షువుల పట్ల మర్యాద తప్పి, వారు మందలిస్తే తానే నొచ్చుకుని బుద్ధుని దగ్గర మొరపెట్టుకున్నాడు. బుద్ధుడు విచారించి, నీవే వారిని మన్నింపు కోరమన్నాడు. అతడు ఒప్పుకోలేదు. నొచ్చుకోవడం వేరు, అపకారం పొందడం వేరు అని ఈ కథ నేర్పుతుంది.

తెలుగులో ఈ ప్రేరణార్థకం చచ్చిపోలేదు. మనం రోజూ అనే 'క్షమాపణ' ఆ రూపం నుంచి పుట్టిన నామమే. క్షమాపణ అంటే క్షమింపజేసుకోవడం, అంటే అడగడమే. 'క్షమాపణ చెప్పాడు' అన్న వాడుకలో ఆ అర్థం చెక్కుచెదరకుండా ఉంది. 'క్షమాపణ కోరాడు' అన్నప్పుడు అడగడాన్ని అడిగినట్లయింది. అందుకే క్షమాపణ అంటే క్షమ అనే భ్రమ ఏర్పడింది. ఈ భ్రమ ఒకసారి కుదిరిన తరువాత శాసనంలో క్షమ కనిపించిన చోట క్షమాపణ కూడా ఉన్నదనుకోవడం తేలిక. వ్యాసం మొదట ప్రస్తావించిన మూడవ వాక్యం ఈ దారినే ప్రవేశించిందని నా అభిప్రాయం. 'ఖమతి'ని 'ఖమాపేతి'గా చదివి, క్షమించే రాజును క్షమాపణ కోరే రాజుగా మార్చుకున్నాం.

మొఖం: విడుదల వేరు

క్షమకు, విడుదలకు మధ్య కూడా మన వాడుక గీతను చెరిపేసింది. అపరాధం మన్నించడమంటే దానినుంచి విడుదల చేయడమే అన్న భావం చాలా మతాలలో, అప్పు కొట్టివేయడం అనే ఉపమానంతో, బలంగా ఉంది. పాలి వాఙ్మయంలో మాత్రం ఈ రెంటికీ రెండు ధాతువులు. విడుదలకు 'ముంచతి', 'విముచ్చతి', 'విముత్తి'. అవి ఆసవాల నుంచి చిత్తం విడివడటాన్ని తెలుపుతాయి. ఒకరు మరొకరికి ఇచ్చేవి కావు.

సామఞ్ఞఫల సుత్తంలో అజాతశత్రువు తండ్రిని చంపిన నేరాన్ని ఒప్పుకుంటాడు. బుద్ధుని జవాబులో ఉన్న క్రియ ఖమతి కాదు, ముంచతి అంతకన్నా కాదు. 'పటిగ్గణ్హాతి', అంటే స్వీకరించడం. తప్పును తప్పుగా చూసి సరిదిద్దుకోబూనిన ఒప్పుకోలును స్వీకరించాడు. రాజు వెళ్ళిపోయిన తరువాత, ఆ హత్య చేసి ఉండకపోతే ఈ ఆసనం మీదనే అతనికి ధర్మచక్షువు కలిగేదని భిక్షువులతో అన్నాడు. ఒప్పుకోలు స్వీకృతమైంది, కర్మఫలం తొలగలేదు. దీన్ని తెలుగులో 'బుద్ధుడు అజాతశత్రువును క్షమించాడు' అని రాస్తే సుత్తం చెప్పనిదాన్ని చెప్పినట్లవుతుంది.

శాసనాలలో విడుదల మాట ఇంకా నేలమీదనే ఉంది. 5వ శిలాశాసనంలో ధర్మమహామాత్రుల పనులలో బంధితుల 'మొఖం' ఒకటి. పిల్లలుగలవారిని, ముసలివారిని దృష్టిలో పెట్టుకుని చెర విడిపించడం. 5వ స్తంభశాసనంలో పట్టాభిషేకమైన 26 సంవత్సరాలలో 25 సార్లు ఖైదీలను విడుదల చేసినట్లు ఉంది. 4వ స్తంభశాసనంలో మరణదండన పడినవారికి 3 రోజుల గడువు ఉంది. లుంబినిలో 1896లో దొరికిన స్తంభం మీద ఆ గ్రామాన్ని బలి అనే పన్ను నుంచి తప్పించి, పంటలో ఎనిమిదవ వంతుకు నిర్ణయించినట్లు ఉంది. ఇవన్నీ నిజమైన విడుదలలు: చెర నుంచి, పన్ను నుంచి. ఏ ఒక్క చోటా వీటికి క్షమ అనే మాటను వాడలేదు. రాజు విడిచిపెట్టడం పాలనా వ్యవహారం. రాజు ఓర్చుకోవడం స్వభావానికి సంబంధించిన విషయం.

శాతవాహనుల కాలానికి క్షమ ఏ విధంగా మారిందో నాసిక్ గుహలలో చూడవచ్చు. వాసిష్ఠీపుత్ర పులుమావి 19వ రాజ్యవర్షంలో గౌతమి బాలశ్రీ వేయించిన శాసనం ఆమెను సత్యవచనం, దానం, క్షమ, అహింసలలో నిరతురాలిగా వర్ణిస్తుంది. ఇక్కడ క్షమ క్రియ కాదు, నామం. ఎవరిని, ఎంతమేరకు అన్న ప్రశ్నలకు తావు లేదు. అది వ్యక్తికి అలంకారమైన సుగుణం. అశోకుని హద్దు గల క్రియ మూడు నాలుగు శతాబ్దాలలో హద్దులేని సుగుణమైంది. మనం అశోకుని వాక్యాన్ని చదివేటప్పుడు బాలశ్రీ నాటి అర్థాన్ని తీసుకువెళ్ళి అక్కడ పెడుతున్నాం. అదే గుహలలో భిక్షువుల భూములకు ఇచ్చిన పన్ను మినహాయింపులను వేరే మాటతో, 'పరిహారం' అని పేర్కొన్నారు.

మన మాటలు: మన్నించు, మాన్యం, మాఫీ

తెలుగుకు సొంత వాడుకలో ఉన్న మాట 'మన్నించు'. బ్రౌన్ 1852 నాటి నిఘంటువు దీనికి గౌరవించడం, మన్నింపు ఇవ్వడం అనే రెండు అర్థాలనూ చూపింది. 'నా మాట మన్నించి వచ్చాడు' అన్నప్పుడు సమ్మతించి అని అర్థం. 'నా తప్పు మన్నించు' అన్నప్పుడు క్షమించు అని. మన్నన అంటే ఆదరం. మాన్య శబ్దం నుంచి వచ్చిందన్నా, ప్రాకృతంలోని 'మణ్ణ' రూపం నుంచి వచ్చిందన్నా, మూలం తలచడం అనే అర్థంగల 'మన్' ధాతువే. అశోకుని వాక్యంలోని 'మతే' కూడా ఆ ధాతువు నుంచి వచ్చినదే. పాలి 'ఖమతి'లో సమ్మతి, మన్నింపు అనే రెండు అర్థాలు ఏ విధంగా కలిసి ఉన్నాయో, తెలుగు 'మన్నించు'లోనూ అదే విధంగా కలిసి ఉన్నాయి. ఇంత దగ్గరి మాట ఇంట్లో ఉండగా, ధ్వనిసామ్యం చూసి 'క్షమించు'నే ప్రతిచోటా వాడటం అనువాదకులకు అలవాటయింది.

ఆ ధాతుకుటుంబంలోనిదే 'మాన్యం', పన్నులేని భూమి. దేవుడి మాన్యం, సర్వమాన్యం అన్న మాటలు మన శాసనాలలోనూ, పల్లె వ్యవహారంలోనూ ఉన్నాయి. అరబీలో చెరిపివేయడం, మన్నించడం అనే అర్థాలు గల ధాతువు నుంచి పారశీకం, ఉర్దూల ద్వారా వచ్చిన 'మాఫీ' కూడా ఉత్తర దేశంలో పన్నులేని భూమికి పేరైంది. తెలుగులో రుణమాఫీగా స్థిరపడింది. గౌరవం నుంచి బయలుదేరిన మాట ఒకటి, చెరిపివేయడం నుంచి బయలుదేరిన మాట మరొకటి, రెండూ ఒకే పొలం గట్టు మీదికి చేరాయి. అయితే మాఫీలో అప్పు మిగలదు. మన్నింపులో తప్పు మిగిలే ఉంటుంది, మనిషికి గౌరవం కూడా మిగులుతుంది.

జంషెడ్‌పూర్ తెలుగు ఇళ్ళలో హిందీ ప్రభావం వల్ల 'మాఫ్ చెయ్యి' అన్నది బాగా వినిపిస్తుంది. పెద్దవారు 'మన్నించండి' అంటారు, చదువుకున్నవారు 'క్షమించండి' అంటారు, పిల్లలు 'మాఫ్' అంటారు. 13వ శాసనం సారాంశాన్ని ఇక్కడి తెలుగు యువకులకు చదివి వినిపించి, ఇందులో ఎవరు ఎవరిని క్షమించారని నేను అడిగిన సందర్భాలలో, కళింగులు అశోకుని మాఫ్ చేశారన్న జవాబే ఎక్కువగా వచ్చింది. శాసనంలో కళింగులు మాట్లాడరు. వారి తరఫున మన్నింపును మనమే పలికి, లెక్క కొట్టివేసి, చక్రవర్తికి చెల్లు చీటీ రాసి ఇస్తున్నాం. ఆ యువకులలో అనేకుల పూర్వులు కళింగ తీరం వారే కావడం గమనార్హం.

రాజ్యాంగ పరిభాషలో ఈనాటికీ ఉన్న 'క్షమాభిక్ష' అనే మాట అశోకుని వాడుకకు దగ్గరగా ఉంది. 72వ అధికరణం కింద రాష్ట్రపతి, 161వ అధికరణం కింద గవర్నరు దాన్ని ఇవ్వగలరు. హతుని బంధువులు మన్నించారా లేదా అన్నది అందులో వేరే ప్రశ్న. రాజ్యం మన్నించడం, మనిషి మన్నించడం రెండు పనులన్న సంగతిని ఆ మాట కాపాడింది.

ఒక ఆక్షేపణ, కొన్ని సూచనలు

రాతిమీద ఉన్న ధాతువే 'క్షమ్' అయినప్పుడు దాన్ని తత్సమంగా 'క్షమించు' అనడం కంటె విధేయమైన అనువాదం ఏముంటుందని ఆక్షేపించవచ్చు. ఆక్షేపణ బలమైనదే. కాని ధాతువు ఒకటైనంత మాత్రాన అర్థం కదలకుండా ఉండదు. ఈనాటి తెలుగులో 'క్షమించు' అంటే పూర్తిగా వదిలిపెట్టడమనే స్ఫురణ బలంగా ఉంది. ఓర్చుకోవడమనే స్ఫురణ అణగిపోయింది. శక్యం అనే హద్దు ఓర్పుకు సహజం, ఎవరైనా ఓర్చుకోగలిగినంతే ఓర్చుకుంటారు. కనుక 13వ శాసన వాక్యాన్ని 'అపకారం చేసినవాని విషయంలో కూడా ఓర్చుకోగలిగినంత ఓర్చుకోవాలని దేవానాంప్రియుని తలంపు' అన్న ధోరణిలో చెబితే కర్త, హద్దు, అభిప్రాయం మూడూ నిలుస్తాయి. 'మన్నించదగినంత మన్నించాలి' అన్నా తప్పులేదు. 'అందరినీ క్షమించాలి' అనడం మాత్రం తప్పు.

పాలి గ్రంథాల విషయంలో నాలుగు రూపాలను నాలుగుగా ఉంచడం మంచిది. 'ఖమతి'కి సందర్భాన్నిబట్టి ఓర్చు, సమ్మతించు, మన్నించు. 'ఖమాపేతి'కి మన్నింపు వేడు, లేదా క్షమాపణ చెప్పు. 'పటిగ్గణ్హాతి'కి స్వీకరించు. 'ముంచతి' కుటుంబానికి విడుచు, విడివడు, విముక్తి. శాసనాలలోని 'మొఖం'కు చెర విడుదల. 'విడు' మన ద్రావిడ ధాతువు. తమిళంలో దాని బంధువైన 'వీడు' మోక్షానికే పేరైంది. మనకు మాటల కొరత లేదు.

పూజ్య భిక్షువులకు ఈ భేదాలు సంఘకర్మల నిత్యాభ్యాసంలో తెలిసినవే. శాసనాలు చదివే మావంటివారికి, పాఠాలు రాసేవారికి అవి అంతగా అలవాటులో లేవు. 13వ శాసనాన్ని తెలుగులో మళ్ళీ ముద్రించేవారు క్షమ వాక్యంతో ఆగిపోకుండా అడవి వాక్యాన్ని కూడా అచ్చువేయాలని, శక్యమనే మాటను వదలకూడదని, కళింగులు క్షమించారనో రాజు క్షమాపణ కోరాడనో ఉన్న వాక్యాలను తొలగించాలని కోరుతున్నాను. చక్రవర్తి దుఃఖం నిజమైనదే కావచ్చు. దానికి విలువ ఇవ్వడానికి లేని క్షమాపణ అవసరం లేదు. సుధమ్మ భిక్షువు చిత్తుని ఇంటికి నడిచి వెళ్ళాడు. అటువంటి నడక కళింగం వైపు సాగినట్లు ఏ రాయీ చెప్పడం లేదు. రాయి చెప్పనిదాన్ని దాని పేర చెప్పకపోవడం మన వృత్తి ధర్మం.